వ్యూఫైండర్‌లో లేని రాయి

కడప సెంట్రల్ జైలు,
11 జూన్ 2023

సర్ఫరాజ్,

నీకు ఉత్తరం రాసి ముప్పై ఏళ్లు దాటింది. ఎమ్మిగనూరులో ఇంటర్ అయిపోయి నువ్వు కర్నూలులో స్టూడియోలో చేరినప్పుడు రెండు కార్డులు రాశాను. ఒకదానికే జవాబిచ్చావు. దీనికైనా ఇవ్వు.

కర్నూలు జైలు నుంచి నన్ను ఇక్కడికి మార్చి నెల దాటింది. ఎందుకో చెప్పలేదు. మా ఇంటిది ఈరమ్మ ఉప్పరబండలో మొదటి బస్సు పట్టుకున్నా ములాఖాత్ సమయానికి కడప చేరడం కష్టం. పోయిన వారం గేటు మూశాక వచ్చింది. బయట కూర్చుని, తెచ్చిన బట్టల సంచి సెంట్రీకి ఇచ్చి వెనక్కి పోయింది. ఈ ఉత్తరాన్ని ఇక్కడి అధికారి ఒకరు చదివి, ముద్ర వేసి పంపుతారు. నీ జవాబునూ చదువుతారు. తెలిసే రాస్తున్నాను.

ఫిబ్రవరి 18న జరిగింది నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నువ్వు అక్కడే ఉన్నావు. పిలిచిందీ నేనే. కాలువ పని పేరు చెప్పి కాంట్రాక్టరు తూము మూసేసి పందొమ్మిది రోజులైంది, మిరప ఎండిపోతోంది, ధర్నా చేస్తున్నాం, పేపర్లో ఫోటో పడితే గాని ఎవరూ కదలరు అన్నాను. నువ్వు వచ్చావు. మధ్యాహ్నం తోపులాటలో ఎవరో రాయి విసిరారు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న నరసింహకు కణత మీద తగిలింది. మూడో రోజు చనిపోయాడు. నీ ఫోటోలో నా చేతిలో రాయి ఉందని నన్ను పట్టుకున్నారు. ఆ ఫోటో నాకు ఒక్కసారి చూపించి వెనక్కి తీసుకున్నారు.

నా చేతిలో రాయి లేదు. జనాన్ని కూర్చోమని చెప్పడానికి చెయ్యెత్తాను. నువ్వు ఇరవై అడుగుల దూరంలో కెమెరా కంటికి పెట్టుకుని నిలబడ్డావు. నాకంటే నీకే బాగా తెలియాలి.

రెండుసార్లు బెయిలు కొట్టేశారు. మూడోసారి వేయాలంటే కొత్త ఆధారం ఏదైనా కావాలని మా వకీలు మధులత మేడం అంటోంది. ఆ రోజు తీసిన మిగతా ఫోటోలు ఆమెకు ఇవ్వు. నా చెయ్యి ఖాళీగా ఉన్నది ఒక్కటైనా ఉంటుంది.

ఉరుకుందప్ప


కర్నూలు, పాత బస్తీ,
2 జూలై 2023

ఉరుకుందూ,

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం జాగ్రత్త. కడపలో ఎండలు ఇంకా తగ్గలేదని పేపర్లో చూశాను.

ఫోటోల సంగతి. ఆ క్షణంలో వరసగా మూడు తీశాను. మొదటి దాంట్లో నీ వీపు ఉంది. మూడో దాంట్లో ఎవరో తువ్వాలు విదిలించడంతో నువ్వు కనిపించవు. మధ్యలోదే అచ్చయింది. మూడూ మధులత మేడంకు పంపాను. అంతకు ముందు ధర్నా మొత్తం కనిపించేటట్టు తీసినవి పదకొండు ఉన్నాయి, అవి కూడా పంపాను. వాటితో పనేమీ లేదని ఆమె ఆఫీసు మనిషి ఫోన్ చేసి చెప్పాడు.

స్టూడియో పని ఎక్కువగా నా కూతురు షమా చూసుకుంటోంది. కొత్త కెమెరా కొనుక్కుంది. నేను పేపరుకు ఫోటోలు ఇవ్వడం తగ్గించాను. నడుము నొప్పి.

పోలీసులు నన్నూ ఒకసారి పిలిచారు. అడిగిన దానికి చెప్పి వచ్చాను. ఈ కేసు గురించి ఉత్తరాల్లో రాసుకోవడం మంచిది కాదేమో, ఆలోచించు. ఈరమ్మ వదినకు ఏదైనా అవసరమైతే షమాకు ఫోన్ చేయమను.

సర్ఫరాజ్


కడప సెంట్రల్ జైలు,
19 సెప్టెంబర్ 2023

సర్ఫరాజ్,

చార్జిషీటు కాగితాలు నిన్న నా చేతికి వచ్చాయి. నూట పన్నెండు పేజీలు. నాలుగో సాక్షి పేరు చూసి, ఇంకో సర్ఫరాజ్ ఉన్నాడేమో అనుకున్నాను. తండ్రి పేరు బుడేన్ సాహెబ్ అని ఉంది. వృత్తి ఫోటోగ్రాఫర్ అని ఉంది.

మేజిస్ట్రేట్ ఎదుట ప్రమాణం చేసి నువ్వు చెప్పింది ఉన్నదున్నట్టు దించుతున్నాను. "నేను కెమెరా వ్యూఫైండర్‌లోంచి చూస్తుండగా ఉరుకుందప్ప కుడిచేత రాయి ఎత్తి పట్టుకొని ఉండటం స్పష్టంగా చూశాను. అప్పుడే బటన్ నొక్కాను." కింద నీ సంతకం. పదో తరగతి సర్టిఫికెట్ మీద పెట్టినట్టే, చివర గీత పైకి లాగి పెట్టావు.

'అడిగిన దానికి చెప్పి వచ్చాను' అని రాశావు. చెప్పింది ఇదా?

నా బారక్‌లో రాయచోటి దిక్కు మనిషి కంబన్న ఉన్నాడు. పద్నాలుగేళ్లుగా లోపలే. కాగితాలు చదివి పెట్టడం ఆయన పని. నీ వాంగ్మూలం రెండుసార్లు చదివాడు.

"ఏమప్పా, ఈయప్ప నీకు పగోడా?"

"కాదు. చిన్నప్పటి స్నేహితుడు."

"అదే అనుకుంటి. పగోళ్లు ఇంత నీటుగా చెప్పరప్పా. యాడో ఒగసాట తప్పుతారు."

బారక్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఎవరైనా బెదిరించారా? దుడ్లేమైనా ఇచ్చారా? ఈ రెంటిలో ఏదైనా ఒకటి చెప్పు, నమ్ముతాను. రెండూ కాదంటేనే నాకు భయం.

ఉరుకుందప్ప


కర్నూలు,
14 అక్టోబర్ 2023

ఉరుకుందూ,

ఎవరూ బెదిరించలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

జరిగింది ఇది. ఫిబ్రవరి 18 సాయంత్రం ఫోటో పేపరుకు పంపాను. కంప్యూటర్ మీద పెద్దది చేసి చూస్తే నీ చేతిలో రాయి కనిపించింది. 'రాయి ఎత్తిన రైతు' అని ఫోటో కింద మాట నేనే చెప్పాను. నరసింహ పోయాక ఇన్‌స్పెక్టరు నన్ను పిలిపించి ఫోటో బల్ల మీద పెట్టాడు. "దీంట్లో ఏముండాది?" అన్నాడు. రాయి అన్నాను. "నువ్వు చూసినావా?" అన్నాడు. నేను ఫోటోను దగ్గరికి లాక్కుని మళ్లీ చూశాను. "ఫోటో తీసింది నువ్వే కదప్పా? కండ్లు మూసుకుని తీసినావా ఏమి?" అన్నాడు. అక్కడున్న ముగ్గురు కానిస్టేబుళ్లు నవ్వారు. చూశాను అన్నాను. మేజిస్ట్రేట్ ముందూ అదే చెప్పాను.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే నా పని. చూడకుండా ఒక్క ఫోటో తీయలేదు. ఆ రోజును గుర్తు చేసుకుంటే నాకు కనిపించేది అదే: నీ చెయ్యి, దాంట్లో రాయి.

నువ్వు విసిరావని నేను ఎక్కడా అనలేదు. చేతిలో ఉందని మాత్రమే అన్నాను. ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ తోపులాటలో, ఆ కోపంలో, చేతిలోకి రాయి ఎప్పుడు వచ్చిందో నీకే తెలియలేదేమో. అలా జరుగుతుంది.

సర్ఫరాజ్


కడప సెంట్రల్ జైలు,
22 జనవరి 2024

సర్ఫరాజ్,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయకూడదనుకున్నాను. మూడో బెయిలు కూడా పోయింది. 'ప్రత్యక్ష సాక్షి, ఫోటో రెండూ ఒకే మాట చెబుతున్నాయి' అని ఆర్డరులో ఉంది. రెండూ నువ్వే.

పొలం బీడు పడింది. ఈరమ్మ పత్తి ఏరడానికి కూలికి పోతోంది. కాలువ కింద రైతులు కేసుకు భయపడి ఆమెను పనికి పిలవడం లేదట, పక్క ఊరికి ఆటోలో పోతోంది. మొన్న ములాఖాత్‌లో ఆమె వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. అడిగితే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

నీ చివరి మాట నన్ను తినేస్తోంది. ఒక్కోసారి లేచి కూర్చుని కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంటాను. నిజంగానే పట్టుకున్నానా? వంగి తీశానా? నాకు వంగినట్టు గుర్తు లేదు. కానీ నువ్వు చూశానంటున్నావు. నీ కళ్లు ఎప్పుడూ నా కళ్ల కంటే మంచివి. అలా ఆలోచించి ఆలోచించి, నెల కింద ఒకరోజు కంబన్నతో చెప్పాను, కోర్టులో ఒప్పుకుంటాను, ఈ తిరుగుడు నా వల్ల కాదు అని.

"ఒప్పుకో," అన్నాడు. "నీ కూడు కూడా నాకు పెట్టి ఒప్పుకో. చెయ్యని దానికి ఈడ పద్నాలుగేండ్లు తినేవానికి అన్నం దండగ."

తర్వాత నా పళ్లెం తెచ్చి ముందర పెట్టాడు. తినే దాకా కదల్లేదు.

ఒక్కటి అడుగుతాను, ఇదే చివరిసారి. ఆ ఫోటో చూడకు. దాన్ని బోర్లించి పెట్టు. దాన్ని కంప్యూటర్‌లో చూడకముందు, ఆ రోడ్డు మీద, నీ కన్ను ఏం చూసింది? అది రాసి పంపు. రాయే చూశానంటే, నేను ఒప్పుకుంటాను.

ఉరుకుందప్ప


కర్నూలు,
8 మార్చి 2024

ఉరుకుందూ,

ఒప్పుకోవద్దు. ముందు ఈ మాట చదువు. మిగతాది తర్వాత చదివినా ఫరవాలేదు.

నీ ప్రశ్నకు నలభై రోజులు జవాబు చెప్పలేకపోయాను. ఫోటోను పక్కన పెడితే నాకేమీ గుర్తు రావడం లేదు. నీ చెయ్యి గుర్తుంది. కాలర్ గుర్తుంది, చిరిగి ఉంది. చేతి వెనక ఏముందో గుర్తు లేదు. మర్చిపోయానని అనుకున్నాను.

పోయిన నెల షమా కొత్త కెమెరాతో పాటు నా పాత కెమెరా కూడా ఒక పెళ్లికి తీసుకుపోయింది. తిరిగొచ్చి విసుక్కుంది.

"అబ్బాజీ, మీ దాంట్లో చూసేది ఒకటి, పడేది ఒకటా? పెళ్లికూతురు వెనక ఏమీ కనపడలా నాకు. ఫోటోలో చూస్తే ఆమె తల మీద ఫ్యాను మొలిచినట్టుండాది!"

అలాగే ఉంటుంది, అది పాత రకం అన్నాను. అంటూనే ఆగిపోయాను. నీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. ఇది నేను పద్దెనిమిదో ఏట నేర్చుకున్న పాఠం.

లెన్సు లోపల ఒక రంధ్రం ఉంటుంది. పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. పెద్దగా ఉన్నప్పుడు మనం ఫోకస్ చేసిన దూరంలో ఉన్నదే స్పష్టంగా ఉంటుంది. దాని ముందు, వెనక ఉన్నవి చెదిరిపోతాయి. రంధ్రం చిన్నదైతే దగ్గరివీ దూరానివీ కూడా స్పష్టంగా పడతాయి. ఎంత లోతు దాకా స్పష్టంగా ఉంటుందో దాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటాం.

నాది అద్దం ఉన్న కెమెరా. దాని వ్యూఫైండర్‌లోంచి చూస్తున్నంతసేపూ రంధ్రం పూర్తిగా తెరిచే ఉంటుంది, కంటికి వెలుతురు కావాలి కాబట్టి. ఫోకస్ సరిగా కుదిరిందా లేదా చూసుకోవడానికి కూడా అదే మంచిది. బటన్ నొక్కాకే రంధ్రం ముడుచుకుంటుంది. అంటే కన్ను చూసిన లోతు వేరు, ఫోటోలో పడిన లోతు వేరు. ఫోటో ఎలా పడుతుందో ముందే చూడాలంటే లెన్సు పక్కన ఒక చిన్న మీట ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంటే రంధ్రం ముడుచుకుంటుంది. వ్యూఫైండర్ చీకటవుతుంది. కన్ను అలవాటు పడే దాకా ఆగితే వెనకున్నవన్నీ ఒక్కొక్కటే తేలతాయి. మా ఉస్తాదు దాన్ని నొక్కకుండా ఫోటో తీస్తే చేతి మీద కొట్టేవాడు. నేను దాన్ని వదిలేసి ఇరవై ఏళ్లవుతోంది. చీకటవుతుందని, ఆలస్యమవుతుందని. షమా కెమెరాలో ఆ బాధ లేదు. దాంట్లో అద్దానికి బదులు చిన్న తెర ఉంది, ఫోటో ఎలా పడుతుందో దాదాపు అలాగే చూపించేటట్టు పెట్టుకుంది.

ఆ రోజు ఫైలు తెరిచి అంకెలు చూశాను. రంధ్రం పదహారు మీద ఉంది. దాదాపు ఆఖరి దాకా ముడుచుకున్నట్టు. ఎందుకంటే ఆ పొద్దున కర్నూలులో కల్యాణమండపంలో పెళ్లి తీసి నేరుగా మీ ఊరికి వచ్చాను. లోపలి చీకటికి పెట్టిన అమరిక మార్చడం మరిచాను. ఎండలోకి రాగానే కెమెరా తనంతట తాను రంధ్రాన్ని ముడిచింది. నేను చూసింది పూర్తిగా తెరిచిన లెన్సులోంచి. కాబట్టి నీ చేతి వెనక ఉన్నదంతా నాకు మట్టిరంగు మరకే. రాయిని చూసే అవకాశమే లేదు.

ఇంకోటి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఈ కెమెరాలో బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. ఆ క్షణం వ్యూఫైండర్ నల్లబడుతుంది. ఏమీ కనిపించదు. ఫోటో పడేది ఆ క్షణంలోనే. ఏ క్షణం గురించి ప్రమాణం చేశానో, ఆ క్షణంలో నా కన్నుకు కనిపించింది నలుపు. ఈ పని చేసేవాళ్లందరికీ ఇది తెలుసు. ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడూ నాకు తెలుసు. చూడలేదు అంటే కానిస్టేబుళ్లు మళ్లీ నవ్వుతారని అనలేదు.

మరి ఆ రాయి ఏది? ఫోటోను బాగా పెద్దది చేశాను. నీ ముంజేతి వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. రాయి అంచు మాత్రం కొద్దిగా మెత్తబడి ఉంది. పేపర్లో అచ్చయితే ఈ తేడా కనిపించదు. చేతిలో ఉన్న వస్తువైతే చేతి అంచూ దాని అంచూ ఒకేలా స్పష్టంగా ఉండాలి. అది నీ చేతిలో లేదు. చాలా వెనక ఉంది.

షమాను తీసుకుని ఉప్పరబండకు పోయాను. టేపుతో కొలిచాం. నేను నిలబడిన చోటి నుంచి నీకు ఇరవై అడుగులు, కాలువ కట్టకు రెండు వందలు. పదింతల దూరం. కట్ట మీద మూడడుగుల గుండురాయి ఉంటే ఫోటోలో నీ చేతి దగ్గర నాలుగంగుళాల రాయిలా పడుతుంది. ధర్నా మొత్తం కనిపించేటట్టు తీసిన పదకొండు ఫోటోల్లో కట్ట మీద అలాంటి గుండ్లు వరసగా ఆరు ఉన్నాయి. వాటితో పనిలేదన్నారు, నేనూ చూడలేదు. ఇప్పుడు కట్ట మీద ఒక్కటీ లేదు. కాలువకు సిమెంటు లైనింగ్ వేసే పనిలో తోసేశారు.

మేము కొలుస్తుంటే ఈరమ్మ వదిన వచ్చింది.

"ఏం కొలుస్తాండావు భాయీ? మా ఆయప్పను లోపల ఏసినంక ఈడ కొలిచేది ఏముండాది?"

షమా టేపు చుట్టి, ఆమెకు మొదటి నుంచి చెప్పింది. వదిన అంతా విని నా వైపు చూసింది.

"అంటే నువ్వు చూడలేదా?"

"చూడలేదమ్మా."

"చూడకుండా చూసినానని చెప్పినావా?"

"చెప్పినాను."

ఆమె షమాకు మాత్రం చెంబుతో నీళ్లిచ్చింది.

సర్ఫరాజ్


కడప సెంట్రల్ జైలు,
27 మార్చి 2024

సర్ఫరాజ్,

నీ ఉత్తరం నా దగ్గరికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. చదివే అధికారి ముద్ర వేశాడు గాని వెంటనే ఇవ్వలేదు. నన్ను ఆఫీసుకు పిలిచి, "ఇది నీ వకీలుకు చూపించు, పోగొట్టుకుంటే నీ ఖర్మ" అన్నాడు. ఆయన ఖైదీతో అంత మాట అనడం ఇంతకు ముందు ఎవరూ వినలేదు.

కంబన్న నాలుగుసార్లు చదివాడు. రంధ్రం సంగతి ఆయనకు అర్థమైంది. అద్దం సంగతి చదివినప్పుడు మాత్రం, "ఇంత తెలిసినోడు ఏడాది దాకా ఏం పీకుతాండె?" అన్నాడు. నేనూ అదే అడగాలనుకున్నాను. ఆయన అడిగింది చాలు.

ఆ రోజు నుంచి నా చెయ్యి నాకు తిరిగొచ్చినట్టుంది. కానీ కోపం పోలేదు, పెరిగింది. ఇంతకు ముందు నేను దురదృష్టవంతుణ్ని అనుకున్నాను. ఇప్పుడు నాకు తెలుసు, ముగ్గురు కానిస్టేబుళ్లు నవ్వుతారని నన్ను ఇక్కడ పెట్టావు.

మధులత మేడం సంతోషించలేదు. తిట్టింది. ప్రాసిక్యూషన్ సాక్షితో ముద్దాయి ఉత్తరాలు నడపడమేమిటి, సాక్షిని తిప్పుకున్నారని అవతలి వకీలు అంటాడు, ఈ ఉత్తరాలన్నిటికీ జైలు ముద్ర ఉంది అంది. ఇక మీదట విచారణ అయ్యే దాకా రాయొద్దంది. ఇంకో మాట కూడా చెప్పింది. నీకు చెప్పమని కాదు, నేనే చెబుతున్నాను. ప్రమాణం చేసి చెప్పిన దానికి ఎదురు చెబితే కోర్టు నీ మీద కేసు పెట్టొచ్చు. శిక్ష పడొచ్చు. చెప్పకపోతే నాకు యావజ్జీవం.

నీ వాయిదా జూలై 9. కాగితం మీద చెప్పినంత మాత్రాన ఇక్కడ తలుపు తెరుచుకోదు. బోనులో చెప్తావా, చెప్పవా? దీనికి జవాబు రాయొద్దు. ఆ రోజు తెలుస్తుంది.

ఉరుకుందప్ప


కర్నూలు,
10 జూలై 2024

ఉరుకుందూ,

నా సాక్ష్యం అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. మీ మేడంను అడిగే రాస్తున్నాను.

ఎస్కార్టు పోలీసులు లేరని నిన్ను కోర్టుకు తీసుకురాలేదు. వీడియోలో నీ ముఖం పది నిమిషాలు కనిపించి ఆగిపోయింది. వాయిదా వేస్తే మళ్లీ మూడు నెలలని మీ మేడం సాగనివ్వమంది. అందుకే నువ్వు విననిది చెబుతున్నాను.

ప్రభుత్వ వకీలు ఫోటో చూపించి, ఇది మీరు తీసిందేనా అన్నాడు. అవును. ముద్దాయి చేతిలో రాయి చూశారా? చూడలేదు అన్నాను. ఆయన కాగితంలోంచి తల ఎత్తలేదు, ప్రశ్న మళ్లీ చదివాడు. చూడలేదు అని మళ్లీ చెప్పాను. అప్పుడు ఎత్తాడు. నన్ను ప్రతికూల సాక్షిగా ప్రకటించమని జడ్జి గారిని అడిగి, నలభై నిమిషాలు నిలబెట్టాడు.

"మేజిస్ట్రేట్ గారి ముందర అబద్ధం చెప్పినారా?"

"చెప్పాను."

"ముద్దాయి మీ స్నేహితుడు. ఉత్తరాలు రాసుకున్నారు. అందుకే మాట మార్చినారు."

"స్నేహితుడే. ఉత్తరాల్లో ఏముందో ముద్ర వేసినవాళ్లు చదివారు. తెప్పించుకోండి."

"అప్పుడు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతాండాడని కోర్టు ఎట్లా నమ్మాల?"

"నన్ను నమ్మొద్దు సార్. కెమెరా తెచ్చాను, అసలు ఫైలు తెచ్చాను. వాటిని చూడండి."

ఆయన అభ్యంతరం చెప్పాడు. జడ్జి గారు దాన్ని తోసిపుచ్చి వరండాలోకి వచ్చారు. అటెండరు గోపన్నను ఇరవై అడుగుల దూరంలో ఎండలో నిలబెట్టి చెయ్యెత్తమన్నాను. అతని వెనక, దూరంగా ఉన్న భవనం మీద నల్లటి నీళ్ల ట్యాంకు ఉంది. రంధ్రం పదహారు మీదే పెట్టి, చేతి మీద ఫోకస్ చేసి కెమెరా జడ్జి గారికి ఇచ్చాను. ఏం కనిపిస్తోందని మీ మేడం అడిగింది.

"చెయ్యి. వెనక ఏదో నల్లగా ఉంది. ఏమిటో తెలియడం లేదు."

మీట మీద ఆయన వేలు పెట్టించాను. "చీకటైపోయిందే," అన్నారు. కాస్త ఆగండి సార్, కన్ను అలవాటు పడాలి అన్నాను. గోపన్న అన్నాడు, "ఎంతసేపు ఎత్తుకోవాల సార్? చెయ్యి గుంజుతాండాది."

చాలాసేపు చూశాక జడ్జి గారు కెమెరా దించారు. "ట్యాంకు ఆయన చేతిలో ఉంది," అన్నారు. స్టెనోను ఆ మాట రాసుకోమన్నారు.

తర్వాత లోపలికి వచ్చి నన్ను ఆయనే అడిగారు, బటన్ నొక్కిన క్షణంలో నీకేం కనిపించింది అని. ఏమీ కనిపించదు సార్, నల్లబడుతుంది అన్నాను. నువ్వు ఇది మొదటి రోజే చెప్పి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేశారు. నేను తల దించుకున్నాను.

నా మీద చర్య సంగతి తీర్పులో చూస్తామన్నారు. పేపరు వాళ్లు ఇక ఫోటోలు పంపొద్దన్నారు. స్టూడియో బోర్డు మీద నా పేరు తీసి షమా పేరు రాయించాను. నేను దిగులు పడుతున్నానని ఇవి రాయలేదు. జరిగినవి కాబట్టి రాశాను.

నిన్ను క్షమాపణ అడగను. అడిగితే జవాబు చెప్పాల్సిన పని నీ మీద పడుతుంది.

సర్ఫరాజ్


ఉప్పరబండ,
3 నవంబర్ 2024

సర్ఫరాజ్,

అక్టోబర్ 21న కేసు కొట్టేశారు. నీకు తెలిసే ఉంటుంది. జైలు గేటు దాటేటప్పటికి సాయంత్రం ఏడు. ఇరవై నెలలు. పొలంలో సర్కారు కంప, ఆ ముళ్లపొద, నా నడుము ఎత్తు పెరిగింది. రోజూ కొడుతున్నాను, ఇంకా సగం ఉంది. కంబన్న లోపలే ఉన్నాడు. వచ్చేటప్పుడు నా పళ్లెం అడిగి తీసుకున్నాడు.

తీర్పు రోజు నరసింహ భార్య కోర్టుకు వచ్చింది. పిల్లవాణ్ని చంకనేసుకుని మెట్ల దగ్గర నిలబడింది. నన్ను చూసి తిట్టలేదు. మధులత మేడంను అడిగింది, "ఈయప్ప కాకపోతే మా ఆయప్పను ఎవరు చంపినారు మేడం?" అని. పోలీసులు ఫోటో దొరికాక ఇంకెవరినీ వెతకలేదు. ఇప్పుడు వెతకరు. నీ ఫోటో ఆమెకు కూడా అన్యాయం చేసింది. ఇది నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను.

నీ మీద తప్పుడు సాక్ష్యం కేసు పెట్టమని తీర్పులో ఉంది. నవంబర్ 18న నువ్వు హాజరు కావాలట. ఇద్దరు జామీనుదారులు కావాలని, ఒకరే దొరికారని, రెండో మనిషి కోసం షమా పదిమందిని అడిగిందని మేడం చెప్పింది. కోర్టులో మాట తిప్పిన మనిషికి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రావడం లేదట.

నా పేరు మీద మూడెకరాల పాసుపుస్తకం ఉంది. ఈరమ్మతో చెప్పాను.

"ఆ భాయికా?" అంది. "నేను గేటు కాడ కూకున్న దినాలు ఎవురికి జామీను పెడతావు?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న పొద్దున పెట్టె తాళంచెవి నా ముందర పడేసి కూలికి పోయింది.

నిన్ను క్షమించానని రాయలేను. అది నాకే తెలియదు. లోపల ఒక మనిషి పళ్లెం ముందర కూర్చుని తన చేతిని తానే చూసుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు ఆలస్యంగా చెప్పావు, కానీ చెప్పావు. చెప్పినందుకు నువ్వు లోపలికి పోతే, రేపు ఇంకొకడు చెప్పడు. ఈ లెక్క నాకు అర్థమవుతుంది, మిగతాది అర్థం కాదు.

పద్దెనిమిదిన పదిన్నరకు కోర్టు గేటు దగ్గర ఉంటాను. పాసుపుస్తకం, ఆధార్, రెండు ఫోటోలు కావాలని మేడం అంది. ఫోటోలు ఎమ్మిగనూరులో దిగాను. సంతకం పెట్టి మధ్యాహ్నం బస్సుకే తిరిగి వస్తాను. మీ ఇంటికి రమ్మని పిలవొద్దు. కెమెరా తీసుకురావొద్దు.

ఉరుకుందప్ప